చెత్త సంచీకి రెండు చేతులు

మూడో అంతస్తులో కుడివైపు ఇల్లు. సాయంత్రం ఐదున్నర. గుమ్మం దగ్గర ఒకే ఒక్క చెత్త సంచీ, దాని మెడ పట్టుకుని మొగుడూ పెళ్లామూ. చెత్త పారేసి రమ్మంటే తలనొప్పి తెచ్చుకునే ఇళ్లు లోకంలో బోలెడున్నాయి. ఈ ఇల్లు వాటిలోది కాదు. ఇవాళ్టి వంతు తనదేనని ఇల్లాలికి గట్టి నమ్మకం, అందుకే పట్టు సడలించడం లేదు.

"వదలండి."

"నువ్వు వదులు."

"ఇవాళ నా వంతండీ. నిన్న మీరే వెళ్లారు."

"నిన్న నేను వెళ్లింది పొద్దుటి సంచీతో. పొద్దుటి సంచీ వేరు, సాయంత్రం సంచీ వేరు. రెండూ కలిపి చెప్పకు."

"మరి మొన్న సాయంత్రం?"

"మొన్న సాయంత్రం వెళ్లింది నేనే, కాదనను. కానీ అది తడి చెత్త. తడి చెత్త వంతులోకి రాదని అనుకున్నాం."

"ఎప్పుడనుకున్నాం?"

"నేను అనుకున్నాను."

"సంచీ చిరుగుతుంది, వదలండి."

"చిరిగితే ఇద్దరికీ లేకుండా పోతుంది, గుర్తుంచుకో. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. నా చేతిలో బరువు నువ్వు అందుకోబోవడం ఇదే మొదటిసారి."

"మీ చేతిలో బరువు చూడడం నాకూ ఇదే మొదటిసారి."

"మాట మార్చకు. అసలు చెత్త పారేయడానికి ఎంతసేపు పడుతుంది? మెట్లు దిగడానికి రెండు నిమిషాలు. సందు చివర తొట్టి దాకా రెండు. రావడానికి ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది. నువ్వు ఆదివారం నలభై నిమిషాలు తీసుకున్నావు."

"తొట్టి నిండిపోయి ఉంది."

"నిండితే?"

"ఖాళీ చేస్తారేమోనని ఆగాను."

"చేశారా?"

"చేయలేదు. అందుకే నలభై నిమిషాలు."

"నాకే చెబుతున్నావా ఇలాంటి జవాబులు? పొద్దున పది నుంచి ఐదు దాకా నేను జనానికి చెప్పేవి ఇవే."

"మీ సంగతి చూద్దాం. మొన్న యాభై నిమిషాలు. తిరిగొచ్చేసరికి ప్యాంటు వెనకాల తెల్లగా సున్నం. చెత్త తొట్టికి సున్నం ఎవరేస్తారండీ?"

"ఏ సున్నం?"

"టైర్ల షాపు వెనక పొట్టి గోడ సున్నం. నేనే కదా ఉతికింది. నాకు తెలియదనుకోకండి."

"ఆ గోడకి సున్నం రాలుతుందని నీకెలా తెలుసు?"

"తెలుసు."

"ఎలా?"

"ఎలాగో అలా."

"చెప్పు."

"నా చీరకీ అంటింది."

"అదీ సంగతి. అంటే నువ్వూ అక్కడే కూర్చుంటున్నావన్నమాట."

"కూర్చోవడం ఏంటి. కాలు నొప్పెడితే ఆగాను."

"నలభై నిమిషాలు కాలు నొప్పా?"

"రెండు కాళ్లున్నాయి కదా."

"ఏ చివర?"

"ఏంటి?"

"గోడకి ఏ చివర కూర్చుంటావు?"

"నీడ ఉన్న చివర. వేప కొమ్మ అవతలి నుంచి వంగి ఉంటుంది చూడండి, అక్కడ."

"అది నా చోటు."

"పేరు రాసుందా?"

"నాలుగు నెలల నుంచి కూర్చుంటున్నా. ఇటుక ఒకటి కాస్త లోపలికి పోయి నడుముకి సరిగ్గా ఆనుతుంది. అది నా నడుం వల్లే అలా అయింది."

"నేనొచ్చాకే అలా అయింది. సర్లెండి, గోడకి కూడా కొట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. ఏం చేస్తారు మీరక్కడ?"

"ఏమీ చెయ్యను."

"యాభై నిమిషాలు?"

"అవును, ఏమీ చెయ్యను. అదే కదా దాని గొప్ప. ఎదురుగా ఖాళీ స్థలంలో గడ్డి ఉంటుంది, చూస్తా. కాకులు తగాదా పడతాయి, వింటా. వాటి తగాదా నేను పరిష్కరించక్కర్లేదు. ఎంత హాయిగా ఉంటుందో తెలుసా? ఆఫీసులో రోజంతా నీళ్లు రాలేదని ఒకడు, వచ్చినవి మురికని ఒకడు, పక్కింటికి వచ్చాయి నాకెందుకు రాలేదని ఒకడు. అందరికీ ఒకటే జవాబు. మీ ఫిర్యాదు నమోదైంది."

"నిద్రలో కూడా అంటున్నారు ఆ మాట. మొన్న రాత్రి దుప్పటి లాక్కున్నారేంటండీ అంటే, మీ ఫిర్యాదు నమోదైంది అన్నారు."

"అన్నానా?"

"అని మళ్లీ లాక్కున్నారు."

"నువ్వేం చేస్తావు అక్కడ?"

"ఆకాశం చూస్తా."

"అంతే?"

"అంతే అంటారేంటి. నా సీటు దగ్గర కిటికీ లేదండీ. పళ్ల డాక్టరు గది ముందు బల్ల, పైన ట్యూబులైటు, లోపల నుంచి గుయ్యిమని మిషను. వచ్చేవాళ్లందరూ బుగ్గ పట్టుకునే వస్తారు. నవ్వుతూ వచ్చిన మనిషిని చూసి ఏడేళ్లయింది. డాక్టరు గారు ఇంకా స్నానం చేస్తుంటారు, నేనేమో వచ్చేస్తున్నారు, దార్లో ఉన్నారు అని చెబుతూ కూర్చుంటా. సాయంత్రానికి నా దవడ నాకే నొప్పి. ఆ గోడ మీద పావుగంట కూర్చుంటే దవడ వదులవుతుంది. నిజం చెబుతున్నా, ఆ పావుగంట లేకపోతే నేను మనిషిని కాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"మీరు చెప్పారా?"

"నాకు సిగ్గేసింది. బీపీ డాక్టరు చెప్పినప్పుడు నేను పెద్ద మాటలు మాట్లాడాను కదా."

"అవును. రోజూ పొద్దునో పావుగంట, సాయంత్రమో పావుగంట ఆరుబయట కూర్చో, బీపీ దానంతటదే దిగుతుంది అని ఆయన చెబితే ఏమన్నారు? నేనేమన్నా పనీపాటా లేనివాణ్ణా అన్నారు. ఆయన ముందే అన్నారు. అత్తయ్య కూడా ఉన్నారు పక్కన."

"అన్నాను. ఇప్పుడు వెళ్లి కూర్చుంటున్నానని తెలిస్తే అమ్మ నవ్వుతుందని సంచీ పట్టుకుంటున్నా."

"నేనూ అంతే."

"నీకేం, నువ్వు ఊరికే వెళ్లి కూర్చోవచ్చుగా."

"ఊరికే వెళ్లి చూడండి మీరు. చెప్పులేసుకోగానే అత్తయ్య ఎక్కడికమ్మా అంటారు. ఊరికే అంటే, ఊరికే ఎందుకు అంటారు. సరే వెళ్తున్నావుగా, అగ్గిపెట్టె తీసుకురా అంటారు. మెట్ల కింద బిల్డింగు ప్రెసిడెంటు గారు పట్టుకుని నీళ్ల ట్యాంకు కథ మొదలెడతారు. సందు మొదట్లో కుట్టుమిషను ఆవిడ, ఒక్కరే వెళ్తున్నారేం, ఇంట్లో ఏమైనా గొడవా అంటుంది. అదే చేతిలో చెత్త సంచీ ఉందనుకోండి."

"దారిస్తారు."

"ముక్కు మూసుకుని మరీ దారిస్తారు. ఎవరూ పలకరించరు. ఎవరూ అగ్గిపెట్టె తెమ్మనరు."

"మా ఆఫీసుకి కూడా అలాంటి సంచీ ఒకటి పట్టుకెళ్తే బావుండు."

"ఇంకో సంగతి. అక్కడ కుక్క ఉంది కదా."

"గోధుమ రంగుది. ఒక చెవి వంగి ఉంటుంది."

"అదే. దానికో పేరు పెట్టి ఎవరో తిడుతుంటారట. టైర్ల షాపతను చెప్పాడు. మేనేజరూ, నీకు బుద్ధుందా, మేనేజరూ, సెలవడిగితే ఇవ్వవా అని ఓ పెద్దమనిషి రోజూ కుక్కని తిట్టి వెళ్తాడట."

"ఎవరో పాపం."

"మీరే."

"నేను తిట్టినంతసేపూ అది తోక ఊపుతుంది. అసలు మేనేజరు ఊపుతాడా? అంతా కక్కేసి ఇంటికొస్తే నాకు ఎవరి మీదా కోపం ఉండదు. గమనించావో లేదో, నాలుగు నెలల నుంచి కంచం దగ్గర అరవట్లేదు నేను."

"గమనించాను. నాకోసం మారారనుకున్నాను."

"నీకోసం కూడా. సరే, నువ్వేమని పిలుస్తావు దాన్ని?"

"నేనేం పిలవను."

"టైర్ల షాపతను నాకూ చెప్పాడు. ఇంకెవరో ఆవిడ వేరే పేరుతో పిలుస్తుందట. ఆ పేరు వినగానే కుక్క పరిగెత్తుకుంటూ వస్తుందట."

"వస్తుంది."

"ఏం పేరు?"

"వద్దులెండి."

"చెప్పు."

"ఏమండీ."

"ఏంటి, చెప్పు."

"అదే చెప్పాను. ఏమండీ అని పిలుస్తాను."

"కుక్కనా?"

"పిలిస్తే పలుకుతుందండీ. ఇంట్లో మూడుసార్లు పిలిచినా పేపర్లోంచి తల ఎత్తే దిక్కు లేదు. అక్కడ ఒక్కసారి ఏమండీ అంటే చాలు, ఎక్కడున్నా ఉరికొస్తుంది. నా ఎదురుగా కూర్చుంటుంది. చెప్పిందంతా వింటుంది. మధ్యలో లేచి వెళ్లదు."

"నేను పోయాక పెట్టుకోవాల్సింది ఆ పేరు."

"మీరు పలికి ఉంటే దానికి వేరే పేరు పెట్టేదాన్ని."

"సరే. బాగుంది. అది మేనేజరుకీ పలుకుతుంది, ఏమండీకీ పలుకుతుంది. దానికి మనకన్నా బుద్ధుంది. నువ్వే తీసుకెళ్లు సంచీ."

"ఏంటి, ఒక్కసారిగా ఇంత ఉదారంగా ఉన్నారు?"

"తీసుకెళ్లమన్నాగా."

"మీరు పోట్లాడకుండా దేన్నైనా వదిలారంటే వెనకాల ఏదో ఉంటుంది. ఏంటో చెప్పండి."

"ఏం లేదు."

"చెప్పండి."

"సోమవారం నుంచి మనం సంచీకి కొట్టుకోవాల్సిన పని ఉండదులే."

"అంటే?"

"బండి వస్తుంది. రోజూ పొద్దున ఏడింటికి. మనిషి మూడంతస్తులూ ఎక్కి, గుమ్మం దగ్గరే చెత్త తీసుకుపోతాడు. సందు చివర తొట్టి తీసేస్తారు."

"తొట్టి తీసేస్తారా?"

"తీసేస్తారు."

"ఎవరండీ ఇంత పని చేసింది? ఎవరడిగారు వాళ్లని? ఎవరో అర్జీ పెట్టి ఉంటారు. పని లేనివాడెవడో."

"ఎవరో బాధ్యత గల పౌరుడు."

"ఎవరా పౌరుడు?"

"పేరు బయటపెట్టకూడదు."

"నా వైపు చూసి చెప్పండి."

"చూస్తున్నాగా."

"సంచీ వైపు చూస్తున్నారు. ఏమండీ."

"నేనే."

"మీరా?"

"నేనే రాశాను. పదకొండు ఉత్తరాలు."

"పదకొండా? పదకొండు ఉత్తరాలు రాసి మన కొంప మనమే ముంచుకున్నామా?"

"అప్పటికి నాకు గోడ సంగతి తెలియదు కదా. నాలుగు నెలల క్రితం గుర్తుందా, ఇంట్లో చెత్త ఒక్కసారిగా పెరిగిపోయింది. అంతకుముందు రెండ్రోజులకో సంచీ. ఉన్నట్టుండి రోజుకి రెండు. మూడంతస్తులు దిగలేక తలప్రాణం తోకకొచ్చింది. మండిపోయి కూర్చుని రాశాను. మొదటి వారంలోనే అన్నీ రాసేశాను. ఆ తర్వాతే ఒకరోజు ఆయాసమొచ్చి గోడ మీద కూర్చున్నా."

"రాసి ఊరుకున్నారా, వద్దని ఇంకోటి రాయొచ్చుగా."

"ఎందుకు రాస్తా? ఇరవై రెండేళ్ల నుంచి ఫిర్యాదుల విభాగంలో ఉన్నాను. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు పరిష్కారం కావడం నా కళ్లతో చూడలేదు. నాదే ముందు పరిష్కారమవుతుందని కలగన్నానా?"

"మీరు పని చేయరు కాబట్టి లోకంలో ఎవరూ చేయరనుకున్నారు."

"ఆ చెత్త బండ్ల ఆఫీసులో ఎవరో ఉడుకు రక్తం కుర్రాడు చేరి ఉంటాడు. చేరిన కొత్తలో అలాగే చేస్తారు."

"ఇప్పుడేం దారి? ఆపే దారి లేదా?"

"ఒకటుంది. అన్ని ఇళ్లవాళ్లూ సంతకం పెట్టిన కాగితాలు ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా ప్రెసిడెంటు గారికి అందాలి. ఒక్కటి తగ్గినా బండి పక్క వీధికి పోతుంది. మళ్లీ మన వంతు ఎప్పటికో. అందరూ ఇచ్చేశారు. మనదొక్కటే ఉంది."

"అయితే పెట్టకండి సంతకం. ఇంకేంటి ఆలోచన."

"ఎలా మానేస్తా? అడిగింది నేనే. ప్రెసిడెంటు గారు పొద్దున అందరి ముందూ నా వీపు తట్టారు. మన బిల్డింగు పరువు నిలబెట్టారన్నారు. ఇప్పుడు నాకు వద్దంటే ఏమని చెప్పను? గోడ మీద కూర్చుని కుక్కని తిట్టాలి, అందుకని వద్దని చెప్పనా?"

"చెప్పండి. లేదా నా పేరు చెప్పండి. మా ఆవిడ ఒప్పుకోవడం లేదనండి. మీకు అన్నిటికీ ఉన్న అలవాటేగా."

"అది బాగానే ఉంది, కానీ..."

"కానీ ఏంటండీ. పరువు నా దవడ పట్టేస్తే వదులు చేస్తుందా? మీకు బీపీ దిగితే దించింది పరువా, గోడా?"

"గోడే."

"మరింకేం."

"కాగితం చేతిలో పట్టుకుంటే ఏమనిపిస్తుందో చూస్తా. ముందు కాగితం తీసుకురానీ. ఫ్రిజ్ మీద, మందుల డబ్బా కింద పెట్టాను."

"ఏ రంగుది?"

"ఆకుపచ్చది. లేదు ఇక్కడ."

"సరిగ్గా చూడండి."

"డబ్బా ఉంది. మందులున్నాయి. కాగితం లేదు. నువ్వు తీశావా?"

"ఆ కాగితం ఉందనే నాకు ఇప్పుడు తెలిసింది."

"అమ్మా. అమ్మా, ఇలా రా ఒకసారి. ఫ్రిజ్ మీద కాగితం చూశావా?"

"కాగితమా? ఏ కాగితంరా?"

"ఆకుపచ్చ కాగితం."

"ఆకుపచ్చదా. ఎంత ఉంటుంది?"

"ఇంత ఉంటుంది."

"లేదు నాన్నా, నేను చూడలేదు. అయినా దాని మీద ముద్ర కూడా సరిగ్గా పడలేదు, దేనికి పనికొస్తుంది అది."

"చూడలేదన్నావుగా."

"పడి ఉండదేమో అన్నాను. ఆఫీసు కాగితాలన్నీ అంతేగా. నువ్వు సంచీ ఎందుకు కింద పెట్టావు? ఐదు ముప్పావైంది. వెళ్లేవాళ్లు వెళ్లండి, చీకటి పడుతుంది మళ్లీ."

"ఉండండత్తయ్యా. ఒకవేళ పొరపాటున చెత్తలో పడిందేమో. పాత పేపరు పరవండి, సంచీ బోర్లిద్దాం."

"చెత్తని ఇంట్లో బోర్లిస్తావా అమ్మాయ్? వద్దు. కట్టిన సంచీ విప్పకూడదు."

"ఏం, విప్పితే ఏమవుతుంది?"

"వాసనేస్తుంది."

"ఏం వాసన వెయ్యట్లేదే. ఏమండీ, చూడండిది. సబ్బు. సగం కూడా అరగలేదు."

"అది మొన్నే కదా తీసింది. ఇదేంటి, నా సాక్సు. నిన్నంతా దీనికోసం వెతికాను. ఒక్కటే ఉంది."

"క్యాబేజీ. సగం క్యాబేజీ. రేకు రేకు విడదీసి వేశారు ఎవరో. నల్లబడను కూడా లేదు."

"ఎవరో ఏంటి, నువ్వే. వంతు రావాలని సంచీ నింపావు."

"నేను క్యాబేజీ పారేసే మనిషినా? ఒప్పుకుంటా, పోయినవారం పాత క్యాలెండర్లు నేనే వేశాను. ఒకరోజు దువ్వెన కూడా వేశాను, దానికి రెండు పళ్లే ఊడాయి. అంతే. క్యాబేజీ జోలికి పోలేదు. మీరే అయి ఉంటారు."

"నాకు క్యాబేజీ ఎక్కడుంటుందో తెలుసా ఈ ఇంట్లో? నేనూ ఒప్పుకుంటా. ఆఫీసు నుంచి చిత్తుకాగితాలు తెచ్చి కలుపుతున్నాను."

"ఆఫీసు చెత్త ఇంటికి మోసుకొస్తున్నారా?"

"చెత్త కాదు, ఫిర్యాదులు. అక్కడున్నా చెత్తలోకి పోయేవేగా. కాస్త గాలి తగులుతుంది వాటికీ."

"మరి ఈ సబ్బు? ఈ సాక్సు?"

"నాకు తెలియదు. దెయ్యం పట్టిందా ఈ ఇంటికి?"

"ఏమండీ. ఆకుపచ్చ ముక్క."

"ఏదీ?"

"ఇదిగో. ఇంకోటి. క్యాబేజీ కింద బోలెడున్నాయి. అన్నీ చిన్న చిన్నగా, వేలి గోరంత ముక్కలు. ఇది పొరపాటున పడింది కాదు. చించారు."

"అమ్మా."

"ఏంటి."

"ఇటు చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"నువ్వు చించావా?"

"చించితే ఏం చేస్తావు? ఉత్తరం రాస్తావా? పన్నెండోది?"

"అమ్మా, ప్రెసిడెంటు గారు ఆరింటికి అడుగుతారు. ఏం చెప్పను ఆయనకి?"

"చెప్పక్కర్లేదు. నాలుగింటికే వచ్చాడు. కాగితం పోయింది నాయనా, ఇంట్లో ఎక్కడా కనబడటం లేదు అన్నాను."

"ఆయన కోప్పడ్డారా?"

"కోపమా? మొహం చేటంత చేసుకున్నాడు. పోతే పోయిందిలెండి పిన్నిగారూ, మీవాణ్ణి బెంగపడొద్దనండి అని ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. చేతిలో సంచీ ఉంది. తేలిగ్గా గాల్లో ఊగుతోంది. లోపల ఏమీ ఉన్నట్టు లేదు."

"అదా సంగతి. ఏమండీ, నేను చెప్పలేదూ, మొన్న గోడ అవతలి చివర ఎవరో తువ్వాలు తల మీద వేసుకుని కూర్చున్నారని. ప్రెసిడెంటు గారే."

"నువ్వు నాకెక్కడ చెప్పావు?"

"కుక్కకి చెప్పాను. ఇద్దరూ ఏమండీలే కదా, కలిసిపోయింది."

"అమ్మా, మరి నీకెలా తెలుసు మేమిద్దరం అక్కడ... అంటే, సంచీ తీసుకెళ్లి..."

"కళ్లున్నాయిగా నాకు. వెళ్లేటప్పుడు ఇద్దరివీ ఉడుకుమోతు మొహాలు. వచ్చేటప్పుడు చూస్తే ఆవలించుకుంటూ, నవ్వుకుంటూ వస్తారు. చెత్త తొట్టి దగ్గర అంత సంతోషం ఎవరు పంచుతారు? నీ ప్యాంటుకి సున్నం, ఈ పిల్ల చీరకి సున్నం. ఇంకెవరైనా చెప్పాలా?"

"అందుకని మా కోసం చించేశారా అత్తయ్యా?"

"మీ కోసమే అనుకో."

"ఎంత మంచివారండీ మీరు. మేమే మిమ్మల్ని పట్టించుకోలేదు. నాలుగు నెలల నుంచి మేమిద్దరం వంతులేసుకుని గాలి పీల్చుకుంటున్నాం గానీ, మీరు రోజంతా ఈ నాలుగు గోడల మధ్యే ఉంటారని ఒక్కసారి కూడా అనిపించలేదు నాకు. బాల్కనీ ఉంటే దానికి చువ్వలు బిగించి వాషింగ్ మిషను పెట్టాం. డాబాకి తాళం. నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది."

"అబ్బే, అదేం లేదమ్మా."

"ఇవాళ మీరూ రండి. మెల్లిగా దిగుదాం. గోడ పొట్టిదే, నీడలో చోటు మీకే ఇస్తాం."

"నా చోటా?"

"మీరూరుకోండి. రండత్తయ్యా, కుక్కని చూద్దురుగాని."

"కుక్కని చూడడానికి మూడంతస్తులు దిగాలా? నాకొద్దు. మీరు వెళ్లండి."

"రామ్మా. డాక్టరు అందరికీ మంచిదనే చెప్పాడుగా."

"నాకు పనుందిరా."

"ఏం పని?"

"ఏదో పని."

"చెబితే నేను చేసిపెడతా, తర్వాత వెళ్దాం."

"నువ్వు చేసేది కాదులే. మీ నాన్నతో పని."

"నాన్నతోనా? నాన్న పోయి ఆరేళ్లయింది కదమ్మా."

"పోయి ఎక్కడికి పోయాడు? ఎదురుగా గోడకే ఉన్నాడుగా, దండేసుకుని. మీరు తలుపేసుకోగానే ఫ్యాను ఐదులో పెడతా. హాల్లో కుర్చీ లాక్కుని, కాళ్లు బార్లా చాపుకుని ఆయన ఎదురుగా కూర్చుంటా. ముప్పై తొమ్మిదేళ్లు అనకుండా మింగిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తా."

"తిడతావా?"

"నువ్వు కుక్కని తిట్టడం లేదూ? మీ గోడ మీకుంది, నా గోడ నాకుంది."

"ఏమంటారు మామయ్యగారు?"

"ఏమంటాడు, నవ్వుతూ వింటాడు. బతికున్నన్నాళ్లూ ఒక్క మాట చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఇప్పుడు కదలకుండా వింటాడు. మీ కుక్క నయం, తోకైనా ఊపుతుంది, ఈయన అదీ ఊపడు. కాసేపు తిట్టాక నాకే ఏడుపొస్తుంది. ఇంకొన్నాళ్లుంటే నీ సొమ్మేం పోయేదయ్యా అని కాసేపు ఏడుస్తా. తర్వాత మొహం కడుక్కుని మీకు టీ పెట్టేస్తా. పగలంతా పక్కింటావిడ సీరియళ్లంటూ మన టీవీ ముందే, మీరొచ్చేదాకా కదలదు. మీరింట్లో ఉంటే ఏడవనిస్తారా? ఏమైంది, తల తిరుగుతోందా, బీపీ చూపిద్దామా అని ఇద్దరూ చెరోవైపు పట్టుకుంటారు."

"అమ్మా, మరి మమ్మల్ని కాసేపు బయటికెళ్లి రండి అని ఒక్క మాట అంటే సరిపోయేదిగా."

"వెళ్లమంటే వెళ్తారా మీరు? ఎందుకమ్మా అంటారు. పద, నువ్వూ రా అంటారు. ఇప్పుడంటున్నది అదేగా. డాక్టరు చెబితేనే విననివాడివి, నా మాట వింటావా. సరే, ఎత్తండి ఆ చెత్త, సంచీలో వెయ్యండి. సాక్సు తీసుకుంటే తీసుకో. ఆ వంటింటి తలుపు వెనకాల ఇంకో సంచీ ఉంది, అదీ పట్టుకెళ్లండి. చెరొకటీ అయితే ఇద్దరికీ పోట్లాట ఉండదు."

"ఇంకో సంచీయా? పొద్దునేగా నేను ఒకటి పారేసి వచ్చింది. ఇది ఎక్కడిది?"

"ఉంది. తియ్యి."

"బరువుగా ఉందే. ఏమున్నాయిందులో?"

"ముడి విప్పకు."

"సరే సరే. ఏమండీ, పదండి."

"నన్నా, కుక్కనా?"

"మిమ్మల్నే. మొదటి పిలుపుకే పలికారు, బాగుపడుతున్నారు. చెప్పులేసుకోండి. ఇద్దరం కలిసి వెళ్లి ఎన్నాళ్లయిందో."

"ఆ నీడ ఉన్న చివర ఇద్దరం పడతామా?"

"సర్దుకుంటే పడతాం. అత్తయ్యా, తలుపు దగ్గరగా వేసుకోండి. చీకటి పడకముందే వచ్చేస్తాం."

"అవునమ్మా, నువ్వేం కంగారుపడకు. ఒక్కదానివే ఎంతసేపు ఉంటావు పాపం. అరగంటలో వచ్చేస్తాం."

"అరగంటా? ఒరేయ్, నాలుగు నెలల నుంచి పొద్దున్నే లేచి, నీ సాక్సులు, సబ్బులు, బంగారంలాంటి క్యాబేజీలు తుంచి, రోజుకి రెండేసి సంచుల చెత్త నేను పుట్టిస్తున్నది మీరు అరగంటలో వచ్చేయడానికా?"